ఎర్రర్ పైన, లోపం కింద: డాస్ నుంచి విండోస్ 98 దాకా నెట్‌వర్క్ క్లయింట్ ఎలా పనిచేస్తుంది

డాస్ కంప్యూటర్లో, సర్వర్ ఫోల్డర్‌ను డ్రైవ్ అక్షరంగా తగిలించే "నెట్ యూజ్" కమాండ్ ఇస్తే ఎర్రర్ 53 వచ్చిందనుకోండి. అడిగిన పేరుతో కంప్యూటర్ దొరకలేదని దాని అర్థం. చాలామంది వెంటనే సర్వర్ దగ్గరికి వెళ్లి పేరు సరిచూస్తారు, షేర్ (నలుగురికీ పంచిన ఫోల్డర్) తీసేసి మళ్లీ పెడతారు, చివరికి సర్వర్‌నే రీస్టార్ట్ చేస్తారు. కానీ నెట్‌వర్క్ కార్డుకు ఐఆర్‌క్యూ (కార్డు ప్రాసెసర్‌ను పిలిచే ఇంటరప్ట్ అంకె) తప్పు ఇచ్చినా వచ్చేది ఎర్రర్ 53 కావచ్చు. కేబుల్ ఊడినా అదే రావచ్చు. ఒక వైపు నెట్‌బీయూఐ, మరో వైపు టీసీపీ/ఐపీ అని వేర్వేరు ప్రొటోకాల్‌లు (యంత్రాలు మాట్లాడుకునే భాషలు) ఉన్నా అదే. ఏ చిరునామాలు మన నెట్‌వర్క్‌వో చెప్పే సబ్‌నెట్ మాస్క్‌లో ఒక్క అంకె తేడా పడినా అదే. ఆ సందేశం రాసేది అన్నింటికంటే పైనున్న ప్రోగ్రామ్. అది కిందికి ఒక ప్రశ్న పంపింది, జవాబు రాలేదు. అంతకుమించి దానికేమీ తెలియదు.

పాత డెస్క్‌టాప్‌లలో నెట్‌వర్క్ క్లయింట్ అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన చిన్న ప్రోగ్రామ్‌ల దొంతర. అడుగున కార్డు డ్రైవర్, దాని మీద ప్రొటోకాల్, ఆ పైన ఫైల్ పిలుపులను నెట్‌వర్క్‌కు మళ్లించే రీడైరెక్టర్, అన్నింటికీ పైన వాడేవాళ్లు టైపు చేసే కమాండ్. ప్రతి పొరకూ తన పైనున్నదీ కిందున్నదీ తప్ప వేరే లోకం తెలియదు. కాబట్టి ఎర్రర్ పైన కనిపించినా వెతుకులాట అడుగు నుంచే మొదలుపెట్టాలి. పాత యంత్రాలతో రోజుల తరబడి కుస్తీ పట్టేవాళ్లలో ఎక్కువమంది ఈ వరుసను తలకిందులు చేసినవాళ్లే.

కార్డు, ఐఆర్‌క్యూ, మెమరీ

ఐసా అనే పాత రకం కార్డు స్లాట్ల కాలంలో అందరికీ తెలిసిన కార్డు ఎన్ఈ2000. దాని డిఫాల్ట్ అమరిక ఐఆర్‌క్యూ 3, ఐ/ఓ చిరునామా (ప్రాసెసర్ కార్డుతో మాట్లాడే చోటు) హెక్స్ 300, అంటే 16 ఆధారపు లెక్కలో 300. చిక్కు ఇక్కడే మొదలవుతుంది. రెండో సీరియల్ పోర్టు కామ్2 కూడా ఐఆర్‌క్యూ 3నే వాడుతుంది. కామ్2ను బయోస్‌లో ఆపేయాలి, లేదా కార్డును ఐఆర్‌క్యూ 10కి మార్చాలి. రెండో దారే మేలు, ఎందుకంటే 5, 7 అంకెలను సౌండ్ కార్డులూ ప్రింటర్ పోర్టులూ ముందే పట్టుకుని ఉంటాయి. చిరునామా విషయంలో ఇంకో ఉచ్చు ఉంది. ఎన్ఈ2000 వరుసగా 32 చిరునామాలు ఆక్రమిస్తుంది. దాన్ని హెక్స్ 360 దగ్గర పెడితే 37ఎఫ్ దాకా సాగి, 378 దగ్గరున్న ప్రింటర్ పోర్టు మీద పడుతుంది. నెట్‌వర్క్ బాగానే నడుస్తున్నట్టుంటుంది, ప్రింట్ ఇచ్చిన క్షణాన యంత్రం బిగుసుకుపోతుంది.

ఐఆర్‌క్యూ తప్పైనప్పుడు కనిపించే లక్షణం చాలామందిని పక్కదారి పట్టిస్తుంది. డ్రైవర్ లోడ్ అవుతుంది, కార్డు ఈథర్‌నెట్ చిరునామాను కూడా సరిగానే చూపిస్తుంది, ఎందుకంటే ఆ రెండు పనులకూ ఐ/ఓ చిరునామా సరిపోతే చాలు. ప్యాకెట్ బయటికి పోతుంది, స్విచ్ మీద దీపం మిణుకుమంటుంది. అందుకోవడం మాత్రం జరగదు. ప్యాకెట్ వచ్చిందని ప్రాసెసర్‌కు చెప్పాల్సిన ఇంటరప్ట్ వేరే తలుపు తడుతోంది మరి. దీపాన్ని చూసి "కార్డు బాగానే ఉంది" అని తీర్మానించుకుంటే అసలు కారణం చేజారిపోతుంది. పంపగలగడం, అందుకోగలగడం రెండూ వేర్వేరు పరీక్షలు.

మెమరీది మరో కథ. కొన్ని కార్డులు, ముఖ్యంగా వెస్టర్న్ డిజిటల్, ఎస్ఎంసీ 8003 వరసవి, తమ మీదున్న మెమరీని 640 కేబీకి పైనున్న ప్రాంతంలో, ఉదాహరణకు హెక్స్ డి000 దగ్గర చూపిస్తాయి. ఆ ప్రాంతాన్ని డాస్ వాడకానికి తెచ్చే ఈఎంఎం386కు ఆ సంగతి తెలియదు. ఖాళీగా ఉందనుకుని అక్కడే టీఎస్ఆర్‌లను (మెమరీలోనే ఉండిపోయే ప్రోగ్రామ్‌లను) కూర్చోబెడుతుంది. బూట్ అయ్యేటప్పుడు డాస్ చదివే కాన్ఫిగ్.సిస్‌లో ఈఎంఎం386 వరుస చివర "ఎక్స్=డి000-డి3ఎఫ్ఎఫ్" అని చేర్చి ఆ 16 కేబీని మినహాయించాలి. ఈఎంఎం386 లేకుండా బూట్ చేస్తే అంతా నడిచి, ఉంటే ఆగిపోతున్నదంటే ముందుగా అనుమానించాల్సింది దీన్నే.

వర్చువల్ మెషీన్లో పాత సిస్టమ్ నడిపేవాళ్లకు ఈ బాధ తక్కువే కానీ పూర్తిగా పోలేదు. క్యూఈఎంయూ అనే వర్చువల్ మెషీన్ ప్రోగ్రామ్ చూపే ఐసా ఎన్ఈ2000 డిఫాల్ట్‌గా హెక్స్ 300 దగ్గరే ఉంటుంది, ఐఆర్‌క్యూ మాత్రం 9. డాస్ వైపు పాత అలవాటుతో 3 అని రాస్తే పైన చెప్పిన "పంపుతుంది, అందుకోదు" రోగమే వస్తుంది. వర్చువల్‌బాక్స్‌లో అయితే ఏఎండీ పీసీనెట్ కార్డును ఎంచుకోవడం తేలిక. డాస్ నుంచి విండోస్ 98 దాకా దానికి డ్రైవర్లున్నాయి.

మూడు రకాల అతుకులు

డ్రైవర్‌కూ ప్రొటోకాల్‌కూ మధ్య అతుకు ఎలా ఉండాలన్న దాని మీద డాస్ కాలంలో ఒకే ఒప్పందం కుదరలేదు. మూడు నడిచాయి: ఎఫ్‌టీపీ సాఫ్ట్‌వేర్ సంస్థ తెచ్చిన ప్యాకెట్ డ్రైవర్, నెట్‌వేర్ సర్వర్లు చేసిన నోవెల్ వైపు ఓడీఐ, మైక్రోసాఫ్ట్, 3కామ్ కలిసి చేసిన ఎన్‌డీఐఎస్. ఒక ఒప్పందానికి రాసిన డ్రైవర్ మీద మరో ఒప్పందపు ప్రొటోకాల్ నేరుగా కూర్చోదు. కార్డుతో వచ్చిన ఫ్లాపీలో మూడు ఫోల్డర్లు ఉండేవి అందుకే. తప్పు ఫోల్డర్ నుంచి తెచ్చిన డ్రైవర్ లోడ్ అయినా పైపొరకు అది కనిపించదు.

ప్యాకెట్ డ్రైవర్ వీటిలో సరళమైనది, అందంగా కట్టినది కూడా. అది హెక్స్ 60 నుంచి 80 మధ్య ఒక సాఫ్ట్‌వేర్ ఇంటరప్ట్‌ను పట్టుకుని కూర్చుంటుంది. క్రిన్వర్ అనే ప్యాకెట్ డ్రైవర్ల సేకరణలోని డ్రైవర్‌కు ఇచ్చే కమాండ్ "ఎన్ఈ2000 0ఎక్స్60 10 0ఎక్స్300" అన్న రూపంలో ఉంటుంది: మొదటిది సాఫ్ట్‌వేర్ ఇంటరప్ట్, రెండోది ఐఆర్‌క్యూ, మూడోది ఐ/ఓ చిరునామా. మొదటి రెంటినీ తారుమారు చేయడం తరచూ జరిగే పొరపాటు. డ్రైవర్ ఏ ఇంటరప్ట్ మీద ఉందో తెలుసుకోవడానికి అప్లికేషన్ ఒక్కో ఇంటరప్ట్ ప్రవేశ స్థానం చూసి, అక్కడి నుంచి 3 బైట్ల అవతల "పీకేటీ డీఆర్‌వీఆర్" అనే ఎనిమిది బైట్ల గుర్తు ఉందా అని వెతుకుతుంది.

తర్వాత అప్లికేషన్ "ఐపీ రకం ప్యాకెట్లు నాకివ్వు, ఏఆర్‌పీ రకం నాకివ్వు" అని నమోదు చేసుకుంటుంది. ప్యాకెట్ వచ్చినప్పుడు డ్రైవర్ అప్లికేషన్‌ను రెండుసార్లు పిలుస్తుంది. మొదటిసారి "ఇన్ని బైట్లు వచ్చాయి, ఎక్కడ పెట్టను?" అని అడుగుతుంది. అప్లికేషన్ బఫర్ చిరునామా ఇస్తే అక్కడికి కాపీ చేసి, "పెట్టాను" అని రెండోసారి పిలుస్తుంది. బఫర్ ఖాళీ లేదని సున్నా చిరునామా ఇస్తే ఆ ప్యాకెట్‌ను అక్కడే పారేస్తుంది. నెమ్మది ప్రాసెసర్ మీద, ఫ్లాపీకి ఫైల్ దించుతున్నప్పుడు వేగం ఒక్కసారిగా పడిపోవడానికి ఇదొక కారణం. అప్లికేషన్ డిస్క్ పనిలో ఉండగా బఫర్లు నిండిపోతాయి, ప్యాకెట్లు పోతాయి, అవతలివైపు మళ్లీ పంపేదాకా ఆగాల్సి వస్తుంది.

ఒకే రకం ప్యాకెట్లను ఇద్దరికి ఇవ్వడం ఈ పద్ధతిలో కుదరదు. రెండో ప్రోగ్రామ్ అడిగితే "ఆ రకం వాడకంలో ఉంది" అనే ఎర్రర్ వస్తుంది. వాట్‌టీసీపీ, ఎంటీసీపీ వంటి టీసీపీ/ఐపీ లైబ్రరీలతో రాసిన డాస్ ప్రోగ్రామ్‌లలో టీసీపీ/ఐపీ మొత్తం ఆ ప్రోగ్రామ్‌లోనే ఉంటుంది కాబట్టి ఒకటి ముగిశాకే మరొకటి నడపాలి. ఎఫ్‌టీపీతో ఫైల్ బదిలీ అవుతుండగా మధ్యలో ప్రోగ్రామ్‌ను బలవంతంగా చంపేస్తే పాత నమోదు డ్రైవర్‌లో అలాగే మిగిలి, తర్వాతి ప్రోగ్రామ్‌కు ఇదే ఎర్రర్ తగలవచ్చు. రీబూట్ తప్ప మార్గం ఉండదు. ఎంటీసీపీ వాడేవాళ్లు మరొకటి గమనించాలి: దాని ఎంటీయూ (ఒక ప్యాకెట్‌లో పట్టే గరిష్ఠ బైట్లు) డిఫాల్ట్ 576. ఇంటి ఈథర్‌నెట్ మీద కాన్ఫిగరేషన్ ఫైల్లో 1500 అని మార్చితే ఫైల్ బదిలీ వేగం కళ్లకు కనిపించేంత పెరుగుతుంది.

ఓడీఐలో లోడ్ అయ్యే వరుస మారకూడదు: ముందు డ్రైవర్‌నూ ప్రొటోకాల్‌నూ కలిపే ఎల్‌ఎస్‌ఎల్, తర్వాత కార్డు డ్రైవర్, ఆపైన నోవెల్ సొంత ప్రొటోకాల్ ఐపీఎక్స్‌ను తెచ్చే ఐపీఎక్స్ఓడీఐ, చివర సర్వర్ డ్రైవ్‌లను చూపే నెట్ఎక్స్ లేదా వీఎల్ఎం. దించేటప్పుడు సరిగ్గా వెనక నుంచి, ఒక్కోదానికి "యు" స్విచ్ ఇస్తూ రావాలి. అమరికలన్నీ నెట్.సీఎఫ్‌జీ అనే మామూలు టెక్స్ట్ ఫైల్లో ఉంటాయి. శీర్షిక వరుసను ఎడమ అంచు నుంచే మొదలుపెట్టాలి, దాని కింది అమరికలను కనీసం ఒక ఖాళీ లోపలికి జరపాలి. చివరి వరుస తర్వాత ఎంటర్ కొట్టకపోతే ఆ వరుసను చదవకుండానే వదిలేస్తుంది. ఐఆర్‌క్యూ ఎన్నిసార్లు మార్చినా మారనట్టే ఉంటే, ఆ వరుస ఫైల్ చిట్టచివర ఉందేమో చూడాలి.

నెట్‌వేర్ క్లయింట్‌కు ఫ్రేమ్ రకమనే తగాదా ప్రత్యేకం. ఫ్రేమ్ రకమంటే ప్యాకెట్‌ను ఈథర్‌నెట్ మీద చుట్టి పంపే తీరు. నోవెల్ మొదట్లో ఐపీఎక్స్ ప్యాకెట్‌ను ఈథర్‌నెట్ పొడవు గడి తర్వాత నేరుగా పెట్టింది. దాన్ని ఈథర్‌నెట్ 802.3 అని పిలిచింది. నెట్‌వేర్ 3.11 దాకా డిఫాల్ట్ అదే. 3.12, 4.0 నుంచి డిఫాల్ట్‌ను 802.2కి మార్చింది. తీగ ఒకటే, కార్డు ఒకటే, ప్రొటోకాల్ ఒకటే అయినా ఒకరి ప్యాకెట్ మరొకరికి అర్థం కాదు. క్లయింట్ "దగ్గర్లో సర్వర్ ఎవరున్నారు?" అని కేకేస్తుంది, సర్వర్ ఆ కేకను చెత్తగా తోసేస్తుంది, తెర మీద మాత్రం "ఫైల్ సర్వర్ దొరకలేదు" అని వస్తుంది. విండోస్ 95లో ఫ్రేమ్ రకం "ఆటో" అని ఉంటుంది. అది నెట్‌వర్క్ మీద కనిపించిన రకాల్లో ఒకదాన్ని ఎంచుకుంటుంది. రెండు రకాలూ నడుస్తున్న చోట కొన్ని సర్వర్లే కనిపించడానికి కారణం ఈ ఎంపికే, అక్కడ రకాన్ని చేత్తో ఇవ్వాలి.

డ్రైవ్ అక్షరం వెనక

అప్లికేషన్ ఫైల్ తెరవాలంటే ఇంటరప్ట్ హెక్స్ 21 ద్వారా డాస్‌ను అడుగుతుంది. ఎఫ్: డ్రైవ్ తన డిస్కులో ఉందా, పక్క గదిలోని సర్వర్లో ఉందా అన్నది దానికి అక్కర్లేదు. ఈ భ్రమను కట్టే విధానాలు రెండు. నెట్ఎక్స్ వంటి పాత షెల్ డాస్ కంటే ముందు నిలబడి ప్రతి పిలుపునూ తనే చూస్తుంది. నెట్‌వర్క్ డ్రైవ్‌కు చెందినదైతే తీసుకుంటుంది, లేకుంటే డాస్‌కు వదులుతుంది. రెండో విధానం రీడైరెక్టర్. డాస్ 3.1 నుంచి డాసే తన పట్టికలో ఒక డ్రైవ్‌ను "నెట్‌వర్క్" అని గుర్తుపెట్టుకుని, దాని పనిని ఇంటరప్ట్ హెక్స్ 2ఎఫ్ ద్వారా రీడైరెక్టర్‌కు అప్పగిస్తుంది. వీఎల్ఎం, మైక్రోసాఫ్ట్ క్లయింట్ ఈ దారిలో నడుస్తాయి.

ఈ తేడా పుస్తకాల్లో మిగిలిపోయే సంగతి కాదు, డాస్ పట్టికలో చివరి డ్రైవ్ అక్షరమేదో చెప్పే కాన్ఫిగ్.సిస్‌లోని లాస్ట్‌డ్రైవ్ వరుస దీని మీదే ఆధారపడుతుంది. నెట్ఎక్స్ డాస్ పట్టికకు బయటి అక్షరాలను వాడుకుంటుంది. డిఫాల్ట్ లాస్ట్‌డ్రైవ్ "ఈ" అక్షరం కాబట్టి మొదటి నెట్‌వర్క్ డ్రైవ్ ఎఫ్ అయింది. వీఎల్ఎం పట్టిక లోపలి అక్షరాలనే వాడుతుంది కాబట్టి దానికి లాస్ట్‌డ్రైవ్=జెడ్ అని ఉండాలి. నెట్ఎక్స్ ఉన్న యంత్రంలో జెడ్ అని రాస్తే దానికి అక్షరాలే మిగలవు. వీఎల్ఎం ఉన్న యంత్రంలో పాత వరుసను వదిలేస్తే ఎఫ్: దొరకదు. ఒక దాని నుంచి మరో దానికి మారినప్పుడు లాగిన్ ఆగిపోవడానికి ఈ ఒక్క వరుస చాలు.

మైక్రోసాఫ్ట్ నెట్‌వర్క్ క్లయింట్ 3.0లో కాన్ఫిగ్.సిస్ నుంచి ఐఎఫ్ఎస్‌హెచ్‌ఎల్‌పీ.సిస్ లోడ్ కావాలి. టీసీపీ/ఐపీ ఉంటే ఆటోఎగ్జెక్.బ్యాట్‌లో ముందు నెట్ ఇనిషియలైజ్, తర్వాత నెట్‌బైండ్, ఆపైన టీసీపీటీఎస్ఆర్, టైనీఆర్ఎఫ్‌సీ, ఎన్ఎంటీఎస్ఆర్ వంటి చిన్న ప్రోగ్రామ్‌లు, చివర నెట్ స్టార్ట్. నెట్‌బైండ్ ప్రొటోకాల్.ఐఎన్ఐ చూసి డ్రైవర్‌నూ ప్రొటోకాల్‌నూ ముడివేస్తుంది. ఆ ఫైల్లో ఐపీ చిరునామా రాసే తీరు వేరు. చుక్కలుండవు, ఖాళీలుంటాయి: "192 168 1 20" అని రాయాలి. సబ్‌నెట్ మాస్క్, గేట్‌వే కూడా అంతే. చుక్కలతో రాసి గంటలు పోగొట్టుకున్నవాళ్లకు లెక్కలేదు.

వింటూ ఉండాల్సిన రీడైరెక్టర్, ప్రొటోకాల్, డ్రైవర్ అన్నీ 640 కేబీ సంప్రదాయ మెమరీలోనే తలదాచుకోవాలి. పై మెమరీలోకి తోయడానికి లోడ్‌హై, డివైస్‌హై ఉన్నాయి గానీ, లోడ్ అయ్యే క్షణంలో ఒక ప్రోగ్రామ్‌కు తన చివరి పరిమాణం కంటే ఎక్కువ చోటు కావాలి. ఖాళీ సరిపోతుందని లెక్కలో తేలినా అది కింద కూర్చోవడానికి కారణం అదే. పెద్ద ప్రోగ్రామ్‌ను ముందు, చిన్నవాటిని తర్వాత పైకి పంపితే మేలు. పొరల వరుస మాత్రం చెడకూడదు.

విన్‌సాక్: ఒకే పేరు, వేర్వేరు ఫైళ్లు

విండోస్ 3.1లో టీసీపీ/ఐపీ లేదు. ఎవరి స్టాక్ (ప్రొటోకాల్ పొరల కట్ట) వాళ్లు అమ్ముకునేవారు. ఏ స్టాక్ మీదైనా అప్లికేషన్ నడవాలని 1993 జనవరిలో విన్‌సాక్ 1.1 ఒప్పందం వచ్చింది. విన్‌సాక్.డీఎల్ఎల్ అన్న పేరు, అందులోని ఫంక్షన్లు అందరికీ ఒకటే. లోపలి భాగం మాత్రం ఆయా స్టాక్‌ది. అందుకే ఒక స్టాక్ తాలూకు విన్‌సాక్.డీఎల్ఎల్ మరో స్టాక్ మీద పనిచేయదు. వింటే చిన్న విషయం, ఆ కాలపు మొరాయింపుల్లో చాలావాటికి ఇదే మూలం. ఏదో ఇన్‌స్టాలర్ తన ఫైల్‌ను విండోస్ ఫోల్డర్లో పడేస్తుంది, పాథ్‌లో అదే ముందు దొరుకుతుంది, నిన్నటిదాకా నడిచిన మెయిల్ ప్రోగ్రామ్ ఈ రోజు తెరుచుకోదు. డిస్క్ అంతటా ఆ పేరుతో వెతికి, వాడుతున్న స్టాక్ ఫోల్డర్లోది తప్ప మిగతావాటి పేర్లు మార్చి ఉంచాలి. 32 బిట్ ప్రోగ్రామ్‌లు వెతికేది డబ్ల్యూసాక్32.డీఎల్ఎల్, విన్‌సాక్ 2కి డబ్ల్యూఎస్2_32.డీఎల్ఎల్. ఈ మూడు వేర్వేరు, ఒకదాని స్థానంలో మరొకటి పెట్టకూడదు.

విండోస్ 3.1 ప్రోగ్రామ్‌లు ఒకదానికొకటి వంతు ఇచ్చుకుంటూ నడవాలి. ఒకటి నెట్‌వర్క్ జవాబు కోసం ఆగి కూర్చుంటే మొత్తం తెర ఆగిపోతుంది. విన్‌సాక్ దీనికి రెండు ఉపాయాలు పెట్టింది. మొదటిది, ఆగినట్టు కనిపిస్తూనే లోపల మిగతా ప్రోగ్రామ్‌ల సందేశాలు కదిలించే బ్లాకింగ్ హుక్. రెండోది, డేటా రాగానే విండోకు సందేశంగా తెలిపే అసింక్ పద్ధతి. హుక్ నడుస్తుండగా వాడేవాళ్లు ఇంకో బటన్ నొక్కితే రెండో నెట్‌వర్క్ పిలుపు మొదలవుతుంది, ఎర్రర్ 10036 వస్తుంది. ఒక పని జరుగుతుండగా మరోటి అడిగారని అర్థం, నెట్‌వర్క్‌లో తప్పేమీ లేదు.

ఈ అంకెలు గుర్తుపెట్టుకోదగ్గవి. 10061 వస్తే సంతోషించవచ్చు: ప్యాకెట్ అవతలి యంత్రం దాకా వెళ్లింది, ఆ పోర్టులో ఎవరూ లేరని తిరిగి చెప్పింది, అంటే కింది పొరలన్నీ బాగున్నాయి. 10060 అంటే జవాబే రాలేదు, దారిలో ఎక్కడో మాయమైంది. 11001 అంటే పేరును చిరునామాగా మార్చలేకపోయింది, డీఎన్ఎస్ అమరిక చూడాలి.

ట్రంపెట్ విన్‌సాక్ అనే స్టాక్ ప్యాకెట్ డ్రైవర్ మీద నడిచేటప్పుడు మధ్యలో విన్‌పీకేటీ అనే చిన్న ప్రోగ్రామ్ కావాలి. విండోస్ పలు డాస్ విండోలను కలిపి నడిపే 386 ఎన్‌హాన్స్‌డ్ మోడ్‌లో ప్యాకెట్ వచ్చేసరికి వేరే డాస్ విండో నడుస్తూ ఉండవచ్చు. డ్రైవర్ అప్పుడు పిలిచే చిరునామాలో మరో ప్రోగ్రామ్ మెమరీ ఉంటుంది. విన్‌పీకేటీ సరైన వర్చువల్ మెషీన్‌ను ముందుకు తెచ్చాకే పిలుపు అందిస్తుంది.

విండోస్ 95, 98

ఇక్కడ దొంతర మొత్తం 32 బిట్ వీఎక్స్‌డీలుగా (విండోస్ సొంత డ్రైవర్లుగా) మారి 640 కేబీ బాధ తప్పింది. ఫైల్ పిలుపు ఐఎఫ్ఎస్ మేనేజర్‌కు వస్తుంది. స్థానిక డిస్క్ అయితే వీఫ్యాట్‌కు, మైక్రోసాఫ్ట్ నెట్‌వర్క్ అయితే వీరీడిర్‌కు, నెట్‌వేర్ అయితే ఎన్‌డబ్ల్యూరీడిర్‌కు పంపుతుంది. రెండు క్లయింట్లు ఒకేసారి ఉండటం అలా సాధ్యమైంది. కార్డు వైపు ప్రధానంగా ఎన్‌డీఐఎస్. ఆ ఎన్‌డీఐఎస్‌లోనే ఒక లోపం దాగింది. బూట్ సమయంలో కాలం కొలిచే లూప్ 2.1 గిగాహెర్ట్జ్ కంటే వేగమైన ప్రాసెసర్ మీద మరీ త్వరగా ముగిసి, సున్నాతో భాగహారం జరిగి "విండోస్ ప్రొటెక్షన్ ఎర్రర్" వస్తుంది. నేటి కంప్యూటర్ మీద వర్చువల్ మెషీన్లో పెట్టినప్పుడు నెట్‌వర్క్ కార్డు చేర్చగానే బూట్ ఆగిపోయే చిక్కు ఇదే. దీనికి సరిచేసిన ఎన్‌డీఐఎస్ ఫైల్ ఉంది.

పేర్ల సంగతి చూద్దాం. ఫైల్ షేరింగ్‌లో కంప్యూటర్లు వాడే నెట్‌బయోస్ పేరు 16 బైట్లు. 15 అక్షరాలు మనవి, చివరి బైటు సేవను చెబుతుంది: హెక్స్ 00 వర్క్‌స్టేషన్, 20 ఫైల్ సర్వర్, 1డి మాస్టర్ బ్రౌజర్ (కంప్యూటర్ల జాబితా ఉంచే యంత్రం). 15 దాటిన పేరును సర్వర్‌కు పెడితే పాత క్లయింట్ దాన్ని ఆ రూపంలో ఎప్పటికీ కనుక్కోలేదు. టీసీపీ/ఐపీ మీద పేర్ల ప్రశ్నలు యూడీపీ 137, ప్రకటనలు 138, అసలు ఫైళ్ల పని టీసీపీ 139 పోర్టులో జరుగుతాయి. విండోస్ 2000 నుంచి వచ్చిన 445 పోర్టు ఈ క్లయింట్లకు తెలియదు. ఫైర్‌వాల్‌లో 445 మాత్రమే తెరిచి "తెరిచాం కదా" అనుకుంటే లాభం లేదు.

నెట్‌వర్క్ నైబర్‌హుడ్‌లో కంప్యూటర్ కనిపించకపోవడం పెద్ద విషయంలా అనిపిస్తుంది గానీ, ఆ జాబితా నిజానికి ఎప్పుడూ కాస్త పాతదే. ఒక్కో యంత్రం 12 నిమిషాలకోసారి తన ఉనికి ప్రకటిస్తుంది. మూడు ప్రకటనలు తప్పితేనే, అంటే 36 నిమిషాల తర్వాతే, మాస్టర్ బ్రౌజర్ దాన్ని తొలగిస్తుంది. బ్యాకప్ బ్రౌజర్ ఆ జాబితాను 15 నిమిషాలకోసారి తెచ్చుకుంటుంది. కలిపితే ఆపేసిన యంత్రం 51 నిమిషాల దాకా జాబితాలో కనిపించవచ్చు. జాబితాను నమ్మడం కంటే రన్ పెట్టెలో రెండు బ్యాక్‌స్లాష్‌లతో సర్వర్ పేరు కొట్టి చూడటమే సరైన పరీక్ష. పేరే దొరకకపోతే ఎల్‌ఎంహోస్ట్స్ ఫైల్లో చిరునామా, పేరు రాయవచ్చు. విండోస్ ఇచ్చేది ఎల్‌ఎంహోస్ట్స్.శామ్ అనే నమూనా. దాన్ని ఎక్స్‌టెన్షన్ లేకుండా సేవ్ చేయాలి. నోట్‌ప్యాడ్ చడీచప్పుడు లేకుండా .టీఎక్స్‌టీ తగిలిస్తుంది, ఎక్స్‌ప్లోరర్ దాన్ని దాచిపెడుతుంది, ఫైల్ ఉన్నట్టే ఉంటుంది కానీ ఎవరూ చదవరు.

లాగిన్ గురించి ఇంకాస్త ఆగి చెప్పాలి. విండోస్ 9ఎక్స్ (95, 98) క్లయింట్ షేర్ తెరిచేటప్పుడు యూజర్ పేరు అడగదు. బూట్ సమయంలో లాగిన్ పెట్టెలో ఏ పేరు ఇచ్చామో ఆ పేరుతోనే సర్వర్ దగ్గరికి వెళుతుంది. కాబట్టి సర్వర్‌లో అదే పేరుతో ఖాతా ఉండాలి. లాగిన్ పెట్టెను క్యాన్సిల్ చేస్తే డెస్క్‌టాప్ వస్తుంది గానీ నెట్‌వర్క్ రాదు. సర్వర్ పేరు మీద క్లిక్ చేయగానే ఐపీసీ$ (సర్వర్‌తో మాట కలపడానికి వాడే దాగిన షేర్) కోసం పాస్‌వర్డ్ అడిగిందంటే, ఆ పెట్టెలో ఏం కొట్టినా ఫలితం ఉండదు. సర్వర్ ఈ పేరును ఎరగదని, లేదా పాస్‌వర్డ్ పంపే పద్ధతి మీద ఇద్దరికీ పొత్తు కుదరలేదని అర్థం.

ఆ పద్ధతే నేడు అసలు అడ్డంకి. 9ఎక్స్ డిఫాల్ట్‌గా ఎల్‌ఎం (ల్యాన్ మేనేజర్) పద్ధతినే వాడుతుంది: పాస్‌వర్డ్‌ను పెద్ద అక్షరాలు చేసి, 14 అక్షరాలకు కుదించి, 7 చొప్పున రెండు ముక్కలు చేసి విడివిడిగా మారుస్తుంది. ఒక్కో ముక్కను విడిగా ఛేదించవచ్చు కాబట్టి ఇది చాలా బలహీనం. విండోస్ విస్టా నుంచి ఆ రూపాన్ని డిఫాల్ట్‌గా దాచిపెట్టడం కూడా మానేశారు. విండోస్ 2000 సర్వర్ సీడీలోని డైరెక్టరీ సర్వీసెస్ క్లయింట్ వేస్తే 9ఎక్స్ కూడా ఎన్‌టీఎల్‌ఎంవీ2 అనే బలమైన పద్ధతిలో మాట్లాడగలదు. తర్వాత రిజిస్ట్రీలో ఎల్‌ఎంకంపాటిబిలిటీని 3 చేయాలి. పాస్‌వర్డ్ మెరుగుపడినా ఫైళ్లు మోసే భాష ఎస్ఎంబీ1గానే ఉంటుంది. విండోస్ 10 1709 కూర్పు నుంచి దాని సర్వర్ భాగం డిఫాల్ట్‌గా రాదు, విండోస్ పద్ధతిలో ఫైళ్లు పంచే సర్వర్ ప్రోగ్రామ్ శాంబా 4.11లో 2019 నుంచి కనీస స్థాయి ఎస్ఎంబీ2. శాంబాలో "సర్వర్ మిన్ ప్రొటోకాల్"ను ఎన్‌టీ1కి దించాలి, డాస్ క్లయింట్‌కైతే ల్యాన్‌మ్యాన్1కి. డైరెక్టరీ సర్వీసెస్ క్లయింట్ లేకుంటే "ల్యాన్‌మ్యాన్ ఆథ్" కూడా తెరవాలి. తెరిచాక పాస్‌వర్డ్‌ను మళ్లీ పెట్టాలి, లేకుంటే పాత రూపం ఫైల్లో ఉండదు.

ఇలాంటి సర్వర్‌ను ఇంటిలోని ముఖ్యమైన ఫైళ్లు ఉన్న యంత్రంలో నడపకూడదు. 2017 మేలో వన్నాక్రై అనే హానికర ప్రోగ్రామ్ పాకింది ఎస్ఎంబీ1లోని లోపం గుండానే. వేరే చిన్న యంత్రం లేదా వర్చువల్ మెషీన్, ఇంకెక్కడా వాడని పాస్‌వర్డ్, వీలైతే చదవడానికి మాత్రమే అనుమతి. డాస్‌తో ఫైళ్లు మార్చుకోవడమే పనైతే ఎస్ఎంబీ జోలికి పోకుండా ఎఫ్‌టీపీ వాడటం తేలిక.

అంతా కుదిరాక కూడా చిన్న ముళ్లు కొన్ని గుచ్చుకుంటాయి. 12 అక్షరాలు దాటిన షేర్ పేరు 9ఎక్స్‌కు జాబితాలో కనిపించదు. టెరాబైట్ల డిస్క్ ఉన్న షేర్‌లో పాత ఇన్‌స్టాలర్ "చోటు లేదు" అంటుంది, ఎందుకంటే ఖాళీ లెక్క దాని అంకెల్లో ఇమడక తలకిందులవుతుంది. శాంబాలోని "మ్యాక్స్ డిస్క్ సైజ్"తో చిన్న డిస్క్‌లా చూపిస్తే సరిపోతుంది. డాస్ సమయం 2 సెకన్ల మెట్లలోనే లెక్కిస్తుంది కాబట్టి ఫైళ్లు పోల్చే ప్రోగ్రామ్‌లు మారని ఫైల్‌నూ మారిందంటాయి.

వేగం మీద ఫిర్యాదుకు లెక్క సులువు. విండోస్ 95 ఈథర్‌నెట్ మీద ఒకసారికి 8,760 బైట్ల దాకా అందుకుంటానని చెబుతుంది. అన్ని బైట్లు పంపాక అవతలివైపు జవాబు కోసం ఆగాలి. ఇంట్లో రానుపోను 1 మిల్లీసెకను కాబట్టి తేడా తెలియదు. దూరపు సర్వర్‌కు 200 మిల్లీసెకన్లయితే సెకనుకు 43,800 బైట్లే, లైన్ ఎంత వేగమైనదైనా సరే. కొన్ని సైట్లు తెరుచుకుని కొన్ని సగంలో ఆగిపోతే వేగాన్ని వదిలి ఎంటీయూ చూడాలి. పింగ్‌ను "-ఎఫ్ -ఎల్ 1472"తో కొట్టి విఫలమై, 1464తో పనిచేస్తే దారిలో పీపీపీఓఈ (బ్రాడ్‌బ్యాండ్ లాగిన్ పొర) ఉందని, ఎంటీయూ 1492కి దించాలని తేలుతుంది.

మెకింటాష్ వైపు

ఆపిల్ దారి వేరు. దాని సొంత ప్రొటోకాల్ ఆపిల్‌టాక్‌లో చిరునామాలు యంత్రాలే ఎంచుకుంటాయి, సర్వర్ చూజర్ అనే ఎంపిక కిటికీలో దానంతటదే కనిపిస్తుంది. టీసీపీ/ఐపీ కోసం మొదట మ్యాక్‌టీసీపీ, 1995 నుంచి ఓపెన్ ట్రాన్స్‌పోర్ట్ వచ్చాయి. ఫైళ్లు పంచుకునే పాత ఆపిల్‌షేర్ క్లయింట్లకు ఆపిల్‌టాకే కావాలి. తర్వాతివి టీసీపీ 548 పోర్టులో కూడా నడుస్తాయి. సర్వర్‌గా నెటాటాక్ అనే ప్రోగ్రామ్ పెట్టేవాళ్లు కూర్పు చూసుకోవాలి: 2 వరసలో ఆపిల్‌టాక్ ఉంది, 3లో తీసేశారు, 2024లో వచ్చిన 4.0లో తిరిగి చేర్చారు. పాత క్లయింట్లు పాస్‌వర్డ్‌లో 8 అక్షరాలే చూస్తాయి.

బ్రౌజర్, మెయిల్ దగ్గర ఆగిపోయేది

కింది పొరలన్నీ నిక్షేపంగా ఉన్నా నేటి వెబ్ తెరుచుకోకపోవడానికి కారణం టీఎల్ఎస్, అంటే సైట్‌తో మాటను రహస్యంగా ఉంచే ప్రొటోకాల్. విండోస్ ఎక్స్‌పీలోని సొంత టీఎల్ఎస్ భాగం సైతం టీఎల్ఎస్ 1.0 దగ్గరే ఆగింది. 1.0, 1.1 కూర్పులను 2021 మార్చిలో అధికారికంగా పక్కన పెట్టారు. పైగా ఒకే చిరునామాలో పలు సైట్లుంటే ఏది కావాలో ముందే చెప్పే ఎస్ఎన్ఐ పాత బ్రౌజర్లకు తెలియదు, కాబట్టి వేరే సైట్ సర్టిఫికెట్ వచ్చి పేరు సరిపోలేదంటుంది. మిగతా సర్టిఫికెట్లకు పూచీ పడే రూట్ సర్టిఫికెట్ల గడువులూ తీరిపోతాయి. డీఎస్‌టీ రూట్ సీఏ ఎక్స్3 గడువు 2021 సెప్టెంబర్ 30న ముగిసినప్పుడు చాలా పాత యంత్రాలు ఒక్క రోజులో మొరాయించాయి. మెయిల్‌కు పక్క యంత్రంలో టీఎల్ఎస్ పని చూసుకునే ఎస్‌టన్నెల్ పెట్టి, పాత ప్రోగ్రామ్ దానితో మామూలుగా మాట్లాడేలా చేస్తే నడుస్తుంది. ఆ యంత్రానికీ పాత దానికీ మధ్య తీగలో పాస్‌వర్డ్ తెరిచిన ఉత్తరంలా పోతుంది కాబట్టి ఆ భాగం ఇంటి నెట్‌వర్క్ దాటకూడదు.

వీటన్నింటికంటే ముందు గడియారం చూడాలి. పాత బోర్డు మీద బ్యాటరీ అయిపోతే తేదీ 1980కి వెళ్లిపోతుంది, ఏ సర్టిఫికెట్ చూసినా ఇంకా మొదలు కానిదిగా కనిపిస్తుంది. వింతేమిటంటే ఫైల్ షేరింగ్ మాత్రం హాయిగా పనిచేస్తూ ఉంటుంది, తేదీ మీద ఎవరికీ అనుమానం రాదు. 9ఎక్స్‌లో "నెట్ టైమ్ \\సర్వర్ /సెట్ /యెస్" వరుసను ఒక బ్యాచ్ ఫైల్లో రాసి స్టార్టప్ ఫోల్డర్లో పెడితే, లాగిన్ అయిన వెంటనే సర్వర్ గడియారాన్ని తెచ్చుకుంటుంది. డాస్‌లో ఆ పని ఎంటీసీపీలోని ఎస్ఎన్‌టీపీ చేస్తుంది. దాన్ని ఐపీ చిరునామా తెచ్చే డీహెచ్‌సీపీ తర్వాతి వరుసలో ఉంచాలి.